గ్రాఫిక్స్ కార్డుకు కట్టిన నూలుపోగు

నేను భయస్తురాలిని. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ దాచడం దండగ. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకాన్ని. కానీ ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి ఆ దసరా రోజుల్లో నేను గజగజలాడింది గ్యాస్‌కు కాదు, రోడ్డు మీద లేచే రాళ్ళకూ కాదు. కంప్యూటర్ తెర మీద కుడివైపు కింది మూలన, గోరంత జాగాలో కనిపించే ఒక అంకెకు. లోపలున్న గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడెక్కిందో చూపించే అంకె అది. ఇప్పటికీ ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా నా కళ్ళు ముందు ఆ మూలకే పోతాయి.

అప్పుడు మేం మన్సూరాబాద్‌లో ఒక ఇంటి పై వాటాలో ఉండేవాళ్ళం. మాది భీమవరం దగ్గర పల్లె. మావారు చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో త్రీడీ నేర్చుకున్నాను. కట్టని ఇంటిని కట్టినట్టు చూపించే పని అది. బిల్డరు కాగితం మీద గీసిన అపార్ట్‌మెంటును కంప్యూటర్లో నిలబెట్టి, గుమ్మంలోంచి మనమే నడుచుకుంటూ హాల్లోకి, వంటింట్లోకి వెళ్ళినట్టు వీడియో చెయ్యాలి. ఆ వీడియోలో ఒక్కో బొమ్మనీ నీడలతో, వెలుగులతో కంప్యూటర్ తనంతట తాను వేసుకుంటూ పోతుంది. దాన్ని రెండర్ అంటారు. ఆ బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డే. అరచెయ్యి కంటే కాస్త పెద్దది, దాని నెత్తిన చిన్న ఫ్యాను. గంటల తరబడి పరుగెత్తించి, దాని ఒళ్ళు కాలిపోకుండా చూసుకోవాలి.

మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్ళు నాకు ఒక పని ఇచ్చి చూస్తున్నారు. బెంగళూరులో ఏదో ప్రాపర్టీ షో ఉంది, అందులో ఈ వీడియో చూపించాలి. బాగా చేస్తే ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. అంతలో సమ్మె మొదలైంది. సిటీ బస్సులు ఆగిపోయాయి. ఇంటి నుంచే చెయ్యమన్నారు. మావారి కోచింగ్ సెంటరు షట్టర్ దించేసింది, జీతం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ ధర్నాలు. ఊళ్ళో మా బావగారు ఎరువుల దుకాణం పెట్టుకుని ఉన్నారు. ఆయన రోజూ ఫోన్ చేసి, ‘ఇంకా అక్కడేం పనిరా, వచ్చెయ్యండి’ అనేవారు.

చివరికి ఒకరోజు మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నారు. “చూడు, ఈ పని నువ్వు ఇచ్చేసి, వాళ్ళు నిన్ను తీసుకుంటే ఉందాం. లేదంటే అన్నయ్యకి చెప్పేస్తాను, సామానుకి లారీ పంపమని.”

ఆయన కోపంతో అనలేదు. అందుకే నాకు మరీ భయం వేసింది. ఊరెళితే నేనేమవుతానో నాకు తెలుసు. ఎరువుల దుకాణం వెనక గదిలో, ఎవరికి ఎన్ని కాఫీలు పెట్టాలో లెక్క చూసుకుంటూ కూర్చునే చిన్నకోడలిని అవుతాను. నాకంటూ ఒక పని చేతికొచ్చింది హైదరాబాద్‌లోనే. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. మేం ఉండడమా పోవడమా అన్నది ఆ అరచేతి కార్డు మీద నిలబడి ఉంది.

కింది వాటాలో ఇంటివాళ్ళు. పోచంపల్లి వైపు నేతపల్లె నుంచి వచ్చినవాళ్ళు. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఆవిడ పెళ్ళయినప్పటి నుంచి మగ్గం మీద కూర్చుని చేతులు కాయలు కాసిన మనిషి. పట్నం వచ్చేటప్పుడు మగ్గాన్ని ఊళ్ళోనే ఎవరికో ఇచ్చేశారట. ఆవిడను నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను బిడ్డా అనేది. మా కంప్యూటర్ కొన్న కొత్తలో ఒకసారి పైకొచ్చి, రెండర్ నడుస్తుంటే దాని హోరు విని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏంది బిడ్డా గీ సప్పుడు?”

“లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి పిన్నిగారూ. వేడి బయటికి పోవాలి కదా.”

“నా ఇంట్ల మళ్ళ మగ్గం నడుస్తున్నట్టున్నది,” అని నవ్వింది. అప్పటి నుంచి మా కంప్యూటర్ ఆవిడకు మగ్గమే. కరెంటు పోయి హోరు ఆగితే కింది నుంచే అడిగేది, “ఏం బిడ్డా, మగ్గం ఆగింది?” అని.

సమ్మె ముదిరాక ఆ పలకరింపులు తగ్గాయి. వాళ్ళాయన పొద్దున్నే మెడలో గులాబీ కండువా వేసుకుని వెళ్ళిపోయేవారు. ఆవిడ కూడా రోడ్డు మీద వంటావార్పు చేస్తే గంటె పట్టుకుని వెళ్ళేది. మాకెవరూ ఒక్క మాట అన్నది లేదు. కానీ అననందుకు కూడా భయపడగలిగిన మనిషిని నేను. సమ్మె రోజుల్లో లోపల కూర్చుని పని చేస్తున్నామని ఎవరికైనా తెలిస్తే ఏమంటారోనని వీధివైపు కిటికీ మూసేశాను. మూస్తే గదిలో గాలి ఆడదు. గాలి ఆడకపోతే కార్డు వేడెక్కుతుంది. తెరిస్తే నాకు చెమటలు. ఎవరో ఒకరు ఉడకాల్సిందే కదా అని మూసే ఉంచాను.

బొగ్గు లేక కరెంటు కోతలు కూడా పెరిగాయి. ఉన్నంతసేపూ కార్డును పరుగెత్తించాలి. అంకె డెబ్బై ఆరు, డెబ్బై ఎనిమిది దగ్గర ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు ఆ కంప్యూటర్ కట్టిచ్చిన దుకాణదారుకు ఫోన్ చేసి అడిగాను, ఇంత ఉండొచ్చా అని.

“ఎనభై దాక ఫికర్ లేదు మేడం. తొంభై అయితే జర ఆగి నడిపియ్యండి. తొంభై దాటి పోతుంటే బంద్ చెయ్యండి, కార్డుది గ్యారంటీ నేనియ్య.”

నెట్‌లో వెతికితే ఆ కార్డు తయారుచేసినవాళ్ళు వంద దాటినా ఓర్చుకుంటుందని రాశారు. మావారిని అడిగితే సిలికాన్ గురించి అరగంట పాఠం చెప్పి, కంగారు లేదన్నారు. ముగ్గురూ మూడు చెప్పారు. నేను దుకాణదారు మాటే పట్టుకున్నాను, అందరికంటే తక్కువ అంకె చెప్పింది ఆయనే గనక. ఓర్చుకుంటుంది అన్నంత మాత్రాన ఓర్చుకోమని పెట్టి చూడాలా? మనుషుల విషయంలో కూడా ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం పిన్నిగారు పైకొచ్చి నన్ను రమ్మంది. వెళ్ళేముందు మావారు తలుపు దగ్గర మెల్లగా అన్నారు. “నోరు తెరవకు. నవ్వు చాలు.” నా యాస వింటే పల్లె పేరుతో సహా చెప్పెయ్యొచ్చు. కాలనీ మూల మీద బతుకమ్మలన్నీ పెట్టి ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. పాటల మధ్య తెలంగాణ నినాదాలు. నేను నవ్వుతూ చప్పట్లు కొడుతూ తిరిగాను. దవడలు నొప్పి పుట్టాయి. ఒకావిడ నా పక్కకొచ్చి, “మీదే ఊరమ్మా?” అని అడిగింది. నేను నవ్వాను. ఆవిడ మళ్ళీ అడిగింది. ఇంకా నవ్వాను.

పిన్నిగారు వెనక్కి తిరిగి, “మా పైన ఉంటరు,” అని, మళ్ళీ చప్పట్లలో పడిపోయింది.

అంతే. ఆ మాట నన్ను కాపాడడానికి అన్నదా, నా ఊరి పేరు తన నోట పలకడం ఇష్టం లేక అన్నదా అని ఇంటికొచ్చాక ఎంతసేపు ఆలోచించానో. మావారు, ‘నీకు పని లేదు’ అన్నారు. పని ఉంది, కరెంటే లేదు.

దసరా రోజు పొద్దున ఆవిడ పళ్ళెంతో పైకొచ్చింది. పసుపు, కుంకుమ, బంతిపూలు, అగరొత్తులు, ఒక నూలు కండె. కరెంటు లేదు, కంప్యూటర్ ఆగి ఉంది. “దుకాణం బందున్నది. ఇంట్ల కత్తెర తప్ప ఇంకేం లేదు బిడ్డా. ఆయుధం అంటే గిప్పుడు నీ మగ్గమే,” అంది. ఆ ముఖం చూసి వద్దనేవాళ్ళు ఎవరుంటారు. నేనే కంప్యూటర్ పెట్టెను తుడిచి ముందుకు జరిపాను. ఆవిడ దాని పక్కపలక మీద పసుపు రాసి బొట్లు పెట్టింది. తర్వాత కండెలోంచి పోగు తీసి, పసుపులో తడిపి, ఎక్కడ కట్టాలా అని చూసింది. మగ్గానికైతే కర్ర ఉంటుంది. దీనికి నాలుగు వైపులా నున్నని రేకు. పక్కపలక మధ్యలో గాలి పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. వాటిలోంచి పోగు దూర్చి, వెనకవైపు పెట్టెకున్న పిడికి చుట్టి, నేతవాళ్ళ ముడి వేసింది. ఆ ముడి ఊడదు. కొసలు కోయకుండా వదిలేసింది, కోయకూడదట.

“పున్నమి దాక దీన్ని ఎవ్వరు తియ్యద్దు బిడ్డా. మా అత్తగారింట్ల గదే పద్ధతి. నడుమల తెగితే ఇంటాయనకు మంచిది గాదు.”

ఏ ఇంటాయనకు? కట్టినవాళ్ళ ఇంటాయనకా, మిషను ఉన్న ఇంటాయనకా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని మింగేశాను.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. రెండర్ పెట్టాను. హోరు వేరుగా ఉంది. రోజూ ఉండే సన్నని ఈల కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గురగుర. కాసేపటికి అంకె ఎనభై ఆరు. సాయంత్రానికి తొంభై ఒకటి.

నాకు అప్పుడే అర్థమైంది. ఆ చిల్లుల వెనకే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను ఉంటుంది. బయట రెండు కొసలు వేలాడాలి, ఒకటే కనిపిస్తోంది. రెండోదాన్ని ఫ్యాను లోపలికి లాక్కుంది. పక్కపలక విప్పితే తప్ప చేత్తో అందదు. పలక విప్పాలంటే పోగు తెంచాలి. రెండోవైపు పలక తీసి చూశాను, అటు నుంచి బోర్డు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఫ్యాను వేగం పూర్తిగా పెంచాను. గురగుర పెరిగింది, వేడి తగ్గలేదు.

“వెళ్ళి చెప్పేస్తాను, తీసేస్తామని,” అన్నాను మావారితో.

“ఏమని చెబుతావు? మీరు పూజ చేశారు, మా మిషను పాడైందనా? ఈ రోజుల్లో మనం, వాళ్ళతో, ఆ మాట?” అన్నారాయన. “ఆవిడ మంచిదే. ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళందరూ మంచివాళ్ళని చెప్పగలవా?”

చెప్పలేను. పైగా ఆ పోగు తెగితే అన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది. నేను చదువుకున్నాను, అలాంటివి నమ్మను. కానీ నా ఇంటాయన రోజూ బందుల మధ్య పాలకీ కూరలకీ వెళ్ళి వస్తున్నాడు. నమ్మకపోయినా పందెం కాయడానికి ధైర్యం చాలలేదు. పున్నమి ముందు రోజే వీడియో పంపాలి. పోగు విప్పేది పున్నమికి. నా దరిద్రం కాకపోతే ఆ రెంటికీ అంత ముహూర్తం ఎలా కుదిరిందో.

ఇక అప్పటి నుంచి నా బతుకంతా ఆ అంకె. టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టాను. పెరటివైపు కిటికీకి తడి తువ్వాలు కట్టాను. తొంభై దాటగానే రెండర్ ఆపడం, దిగేదాకా చూడడం, మళ్ళీ నడపడం. ఆపితే పని వెనకబడుతుంది, ఆపకపోతే కార్డు పోతుంది. తొంభై రెండు దగ్గర నేను ఊపిరి బిగపట్టేదాన్ని, నేను ఊపిరి పీల్చకపోతే గదిలో వేడి తగ్గుతుందన్నట్టు. అన్నం కలుపుతూ లేచి వెళ్ళి చూసేదాన్ని. మావారు ధైర్యం చెబుతూనే కుర్చీ జరుపుకుంటూ పోయి, తొంభై నాలుగు వచ్చిననాడు గుమ్మం పక్కన కూర్చుని పేపర్ చదివారు. క్లాసులో వేడి గురించి నల్లబల్ల నిండా గీతలు గీసే మనిషి.

పిన్నిగారు రోజూ పొద్దున వచ్చి పెట్టె ముందు అగరొత్తి వెలిగించి వెళ్ళేది. నేను ఆవిడ వచ్చే వేళకు కంప్యూటర్ ఆపేసేదాన్ని, ఆ గురగుర ఆవిడ వినకూడదని. ఇదివరకు కూర్చుని రెండు మాటలు మాట్లాడి వెళ్ళేది. ఆ రోజుల్లో పెట్టె వైపు చూసేది, నా వైపు చూసేది, ఏదో అనబోయి వెళ్ళిపోయేది. ఇంకేముంది, మేం పని చేస్తున్నామని కోపం అనుకున్నాను. మధ్యాహ్నాలు మెట్ల మీద అడుగుల చప్పుడయ్యేది. సగం దాకా వచ్చి ఆగి, మళ్ళీ దిగిపోయేవి. ఎవరు, ఎందుకు వస్తున్నారు, ఎందుకు వెళ్ళిపోతున్నారు? నేను లేచి గడియ వేసుకునేదాన్ని.

వీడియో పంపాల్సింది మర్నాడనగా ఆ మధ్యాహ్నం మావారు చంపాపేటలో సాటి లెక్చరర్ ఇంటికి నడిచి వెళ్ళారు, ఉద్యోగం సంగతి కనుక్కుందామని. కింద వాళ్ళాయన పొద్దుననగా ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్ళినవారు ఇంకా రాలేదు. అక్కడ లాఠీలు లేచాయని వీధిలో ఎవరో అనుకుంటూ పోతున్నారు. కరెంటు ఉంది. ఉన్నప్పుడే కానివ్వాలి. మిగిలింది ఆఖరి బొమ్మలు, హాల్లోంచి బాల్కనీలోకి నడిచే చోటు. తొంభై మూడు. తొంభై ఐదు. ఆపాలి. ఇంకొక్క బొమ్మ. తొంభై ఎనిమిది. నా చెయ్యి మౌస్ మీద ఉంది, కదలలేదు.

తెర నల్లబడింది. హోరు ఆగిపోయింది. కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా వచ్చింది.

నేను కుర్చీలోనే ఉండిపోయాను. లారీ కనిపించింది నాకు. సామాను ఎక్కించిన లారీ, పైన తాడుతో కట్టిన నా కుర్చీ. ఏడుపు కూడా రాలేదు. మెట్ల మీద అడుగులు వినిపించాయి, ఈసారి సగంలో ఆగలేదు. తలుపు తట్టిన చప్పుడుకు లేచి తీశాను. పిన్నిగారు.

“మగ్గం ఆగింది,” అంది.

“ఏం లేదు పిన్నిగారూ, కరెంటు పోయింది.”

ఆవిడ తలెత్తి చూసింది. నా నెత్తిన సీలింగ్ ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది.

ఆవిడ నన్ను దాటి లోపలికి వెళ్ళి కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేసింది. తర్వాత వంగి చిల్లుల దగ్గర వేలాడుతున్న ఒంటి కొసను పట్టుకుంది. మెల్లగా లాగింది. రాలేదు.

“గీ దారమే గదా?” అంది. “దసరా నాటి సంది సప్పుడు మారింది. పోగు చిక్కువడ్డ మగ్గం సప్పుడు నాకు ఎరుక లేదా బిడ్డా? రోజు మెట్లెక్కి ఒస్తున్న, సగం దాక ఒచ్చి పోతున్న. ఏమని అడగాలె? నేనే కావాలని చేసిన్నని మీరనుకుంటే?”

గడియ వేసుకుని నేను భయపడింది ఈ అడుగులకు.

“మీ ఆయన డాబా మీద ఫోన్ల మాట్లాడుతుంటె ఇన్న. లారీ అంటున్నడు. గీ మిషన్ కాలిపోతే మీరు పోతరు. మంచిగ ఉండెటోళ్ళను నా చేతులతోనే పంపిచ్చినట్టయితది.” ఆవిడ కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. “కత్తెర ఉన్నదా?”

“వద్దు పిన్నిగారూ. పున్నమి ఎల్లుండే కదా. తెగితే ఇంటాయనకు…”

“కట్టినోళ్ళ ఇంటాయనకు బిడ్డా. మీ ఆయనకేం గాదు. నువ్వు భయపడకు.”

అలా చాలా మామూలుగా చెప్పింది, నాకు ధైర్యం చెబుతున్నట్టు. కట్టినవాళ్ళ ఇంటాయన అప్పుడు చౌరస్తాలో ఉన్నారు. ఫోను ఎత్తడం లేదు. నేను కత్తెర ఇవ్వలేదు. నా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, వంగి, ఆ పోగును నోటితో పట్టుకుని పళ్ళతో కొరికేసింది. టప్‌మని చిన్న చప్పుడు. ఆవిడ పెదవులకు పసుపు అంటుకుంది.

మరలు విప్పి పక్కపలక తీశాను. తొందరలో ఒక మర చేజారి మంచం కిందికి దొర్లిపోయింది. లోపల గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను ఇరుసు చుట్టూ పసుపు పోగు బిగుసుకుని ఉంది. రేకు సందుల్లో పసుపు, దుమ్ము ముద్దగా పేరుకున్నాయి.

“కండె చుట్టినట్టు చుట్టింది గదనే,” అంది పిన్నిగారు. వేలి కొసతో ఫ్యానును వెనక్కి తిప్పుతూ పోగును కొంచెం కొంచెంగా విడదీసింది. నేను పాత టూత్‌బ్రష్‌తో పసుపు దులిపాను. పోగంతా వచ్చాక ఆవిడ దాన్ని కింద పడెయ్యలేదు, గుప్పిట్లో పెట్టుకుంది.

టేబుల్ ఫ్యాన్ గాలికి చల్లారేదాకా ఆగి, మీట నొక్కాను. నొక్కేముందు ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో, వాళ్ళలో ఎవరు విన్నారో తెలియదు. తెర వెలిగింది. నలభై నాలుగు. రెండర్ పెట్టాను. సన్నని ఈల. యాభై తొమ్మిది, అరవై ఏడు, డెబ్బై రెండు. అక్కడ నిలబడింది.

“ఇగ పోరు గదా?” అంది పిన్నిగారు.

“పోము,” అన్నాను. మావారిని అడగలేదు, ఎవరినీ అడగలేదు. “ఎక్కడికీ పోము పిన్నిగారూ.”

ఆవిడ తలూపి కిందికి వెళ్ళింది. ఆ పని మర్నాడు అందిందనీ, వాళ్ళు నన్ను తీసుకున్నారనీ, లారీ రాలేదనీ ఇప్పుడే చెప్పేస్తాను. ఎందుకంటే ఆ కథంతటిలో నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నది అది కాదు. కాసేపటికి నేను మంచినీళ్ళ బిందె కోసం కిందికి దిగితే, ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుని గేటు వైపు చూస్తోంది. పొయ్యి వెలిగించలేదు. దీపాలు పెట్టే వేళయినా ఇంట్లో దీపం పెట్టలేదు. మూసిన గుప్పిటను మరో చేత్తో పట్టుకుని ఉంది. అందులో ఉన్నది నేను తెంచనిచ్చిన పోగు.

బిందె అక్కడే పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను. వీధిలో మోటారు సైకిలు వినిపించినప్పుడల్లా ఇద్దరం మెడ చాపాం. ఏది వినిపించినా అది పక్కింటికో ఎదురింటికో వెళ్ళిపోయింది. మావారు చంపాపేట నుంచి తిరిగొచ్చి, మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా పక్కనుంచి పైకి వెళ్ళారు. నా ఇంటాయన వచ్చేశాడని ఆవిడ ముఖం చూడడానికి నాకు సిగ్గు వేసింది. చీకటి పడుతోంది. నాకు నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. అది నా కోసం కాదు గనక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఆవిడ చేతిని పట్టుకున్నాను. చల్లగా ఉంది.

గేటు గడియ చప్పుడైంది. చెమటకు చొక్కా తడిసి, ఒక చెప్పు తెగి చేతిలో పట్టుకుని, కుంటుకుంటూ ఆయన లోపలికొచ్చారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు.

“ఏంది, ఇద్దరు గిట్ల మెట్ల మీద కూసున్నరు?”

పిన్నిగారు లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఏం లేదు,” అంది. “పైన మగ్గం నడుస్తున్నది. ఇంటున్నం.”

అప్పుడు గానీ నాకు పైన ఒక అంకె ఉందని గుర్తు రాలేదు.